కుర్చీ జరపడానికి అర్హతలు

ఫ్రిజ్ హాల్లో ఉండాలా, వంటింట్లో ఉండాలా అన్న విషయం మీద ఆ ఆదివారం పొద్దున్న మావారికీ నాకూ మాట పట్టింపు వచ్చింది. హాల్లో ఉంటే వచ్చినవాళ్ళకి కనిపిస్తుందని ఆయన. వచ్చినవాళ్ళకి కనిపించాల్సింది మంచినీళ్ళు గాని ఫ్రిజ్ కాదని నేను.

"పదమూడేళ్ళుగా హాల్లోనే ఉందండీ. ఒక్కరైనా మెచ్చుకున్నారా?"

"పైకి మెచ్చుకోరు. మనసులో అనుకుంటారు" అన్నారాయన.

నేను ఒక పక్క పట్టుకుని తోయడం మొదలుపెట్టాను. ఆయన రెండో పక్క పట్టుకుని ఆపడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే మా బావగారు, అంటే మావారి అన్నగారు పాండురంగారావు గారు, గుమ్మంలో చెప్పులు విడిచి, చెయ్యెత్తి ప్రకటించారు.

"ఆపండి! ఇకమీదట ఈ రాష్ట్రంలో అర్హత లేనివాడెవడూ ఇంట్లో కుర్చీ కూడా జరపడానికి వీల్లేదు!"

మేము ఆపాం.

బావగారి గురించి తెలియనివాళ్ళు ఏలూరులో ఉండరు గాని, బయటివాళ్ళ కోసం చెబుతాను. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ప్రజాసేవలో ఉన్నారు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ తరఫున చేస్తారు కాబట్టి సేవకి ఒక్కరోజు కూడా అంతరాయం రాలేదు. కొల్లేరులో ఆయనకి చేపల చెరువులున్నాయి. సరస్సు హద్దు లోపల చెరువులు ఉండకూడదని ప్రభుత్వం వారి ఉత్తర్వు. చట్టమంటే గౌరవం కనుక ఆయన వాటిని ఎప్పుడూ చెరువులు అనరు, 'పొలం' అంటారు.

ఈసారి మత్స్య పరిశ్రమ పదవి అడిగారు. అది పొగాకు వ్యాపారి ఒకాయనకి వెళ్ళింది. మిగిలినవాటిలో పేరు పొడుగ్గా ఉన్నది చూసి ఈయన తీసుకున్నారు. రాష్ట్ర ఇంటీరియర్ ఆర్కిటెక్చర్ వృత్తి విద్యా మండలి, చైర్మన్.

"ఇంటీరియర్ డిజైనర్‌కీ ఇంటీరియర్ ఆర్కిటెక్ట్‌కీ తేడా ఏంటి పెదనాన్నా?" అంది మా అమ్మాయి శాలిని గదిలోంచి వస్తూ.

"ఆర్కిటెక్ట్‌కి చైర్మన్ ఉంటాడమ్మా."

శాలిని నవ్వలేదు. ఆ తేడా కోసమే అది రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. విశాఖపట్నంలో ఇంటీరియర్ డిజైన్ డిగ్రీ చేసింది. తాడేపల్లిగూడెంలో ఇనాయతుల్లా గారి దగ్గర రెండేళ్ళు పనిచేసింది. ఆయన చెక్కపనితో మొదలై ఇప్పుడు బట్టల షాపులు, ఆస్పత్రులు లోపలంతా చేసిపెడతారు. చదివింది ఏడో తరగతి. కానీ దూరంనుంచి చూసి కూడా, ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తేడా ఉన్నా చెప్పేస్తారు. అక్కడ చేరాకే మా అమ్మాయికి కర్టెన్లూ రంగులూ ఎంచడం చాల్లేదు. ఏ గోడ తియ్యొచ్చు, ఏది తియ్యకూడదు, మెట్లు ఎక్కడ తిరగాలి, మంటలు వస్తే జనం ఎటు పరిగెత్తాలి, ఇవన్నీ పద్ధతిగా చదవాలనుకుంది. దానికి రెండేళ్ళ పీజీ కావాలి. ఇప్పుడు ఆ పీజీ మా కొల్లేటి గట్టుకే వస్తోందని బావగారు చెప్పేసరికి అది వెళ్ళి ఆయనకి కాఫీ తెచ్చింది. అడక్కుండా కాఫీ ఇవ్వడం దాని అలవాటు కాదు.

వారం తిరక్కుండా ఆ పీజీలో చేరడానికి కావాల్సిన అర్హతల జాబితా వచ్చింది. పదకొండు రూల్సు. డిగ్రీ ఉండాలి. తను చేసిన పనుల బొమ్మలతో పోర్ట్‌ఫోలియో ఉండాలి. మూడు సిఫారసు లేఖలు ఉండాలి. అవి రాసినవాళ్ళు ఒకరికొకరు చుట్టాలు కాకూడదు. ఈ రూలు దగ్గర బావగారు చాలాసేపు బాధపడ్డారు.

"ఏడోది ఏంట్రా అన్నయ్యా?" అన్నారు మావారు కళ్ళజోడు పెట్టుకుని. "మంచు కురిసే ప్రాంతాల్లో పైకప్పు బరువు లెక్కగట్టే పరిజ్ఞానం?"

"ప్రమాణాలు తమ్ముడూ. అంతర్జాతీయ ప్రమాణాలు."

"ఏలూరులో మంచు కురుస్తుందా?"

"కురవదు. కురిస్తే మాత్రం మనం రెడీగా ఉన్నామా లేదా? అదీ పాయింటు."

శాలిని తొమ్మిదో రూలు దగ్గర ఆగిపోయింది. మండలి గుర్తించిన ఇంటీరియర్ ఆర్కిటెక్ట్ కింద రెండేళ్ళ అనుభవం, ఆ ఆర్కిటెక్ట్ సంతకంతో.

"పెదనాన్నా, మండలి ఇప్పటిదాకా ఎంతమందిని గుర్తించింది?"

"ఇంకా ఎవరినీ లేదమ్మా. మన కాలేజీలో పీజీ పాసైనవాళ్ళనే గుర్తిస్తాం."

"పాసవ్వాలంటే చేరాలి. చేరాలంటే గుర్తింపు ఉన్నవాళ్ళ కింద పనిచెయ్యాలి. వాళ్ళు ఇంకా లేరు."

"చూశారా! ఎంత చక్కగా అర్థం చేసుకుందో! మా మండలిలో సభ్యులకే ఇంకా అర్థం కాలేదు."

"మరి ఇనాయతుల్లా గారి దగ్గర నేను చేసిన రెండేళ్ళు?"

బావగారు దాని తలమీద చెయ్యి వేశారు. "ముందు కాలేజీ లేపాలమ్మా. దానికి గుర్తింపు ఇచ్చే ప్రభుత్వ తనిఖీ బృందం వచ్చే నెల్లోనే వస్తోంది. నువ్వూ ఆ మేస్త్రీ కలిసి కాలేజీ లేపండి. నీ రెండేళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

కాలేజీకి స్థలం బావగారి పొలం గట్టు. అక్కడ పక్కా కట్టడాలు కట్టకూడదని అటవీశాఖ వాళ్ళు బోర్డు పెట్టారు. ఆ బోర్డు పక్కనే నిలబడి బావగారు ఇనాయతుల్లా గారికి పని వివరించారు. శాలినికి క్యారేజీ ఇచ్చే మిషతో నేనూ వెళ్ళాను.

"కట్టడం కూడదన్నారు. అంటే బయటిగోడలు, శ్లాబు, పునాది. అవి మనకెందుకయ్యా? మనది ఇంటీరియర్ కాలేజీ. లోపలిది మాత్రం చెయ్యి."

ఇనాయతుల్లా గారు టేపు తీసి, కొలవడానికి ఏమీ కనబడక మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"లోపల అంటే దేని లోపలండీ?"

"కాలేజీ లోపల."

"గోడ లేకపోతే షెల్ఫు దేనికి బిగించాలండీ?"

"అందుకే కదయ్యా అనుభవం ఉన్నవాణ్ణి పిలిచింది! రేపు ప్రభుత్వం మారి కట్టడానికి పర్మిషనిస్తే, చుట్టూ గోడలు అవే వస్తాయి."

ఇనాయతుల్లా గారు శాలినివైపు చూశారు. "ఏమంటావమ్మా?"

"చేద్దామండీ" అంది శాలిని. అంత చిన్నగొంతుతో అది మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

ఇరవై రోజుల్లో లేచింది కాలేజీ. నా కూతురని చెప్పడం కాదు, చూడముచ్చటగా ఉంది. రిసెప్షను, స్టూడియో, లైబ్రరీ, ప్రిన్సిపాల్ గది. అన్నీ ఇనుప ఫ్రేముల మీద ప్లైవుడ్డు నిలబెట్టి చేసినవి. ఎటునుంచి చూసినా లోపలే కనిపిస్తుంది, బయట అన్నది లేదు. ఫాల్స్ సీలింగ్ కూడా వేశారు. దానిపైన ఆకాశం. సాయంత్రాలు గూడబాతులు వచ్చి ఫాల్స్ సీలింగ్ మీద వాలేవి. వాటి బరువు ఎంత, షీటు ఎంత ఆగుతుంది అని శాలిని లెక్కగట్టి అడుగుకో అదనపు రాడ్డు వేయించింది. మంచు బరువు రూలుకి జవాబు దొరికిందని బావగారు సంతోషించారు.

తనిఖీకి విజయవాడనుంచి ముగ్గురొచ్చారు. పెద్దాయన చెప్పులు విప్పి లోపలికి వెళ్ళబోయి, లోపలే ఉన్నానని గ్రహించి మళ్ళీ తొడుక్కున్నారు.

"చైర్మన్ గారూ, బిల్డింగు ఎక్కడండీ?"

"అది ఎక్స్‌టీరియర్ అండీ. మా మండలి పరిధిలోకి రాదు."

పెద్దాయన రెండో ఆయనతో గుసగుసలాడారు. రెండో ఆయన ఫైలు చూశారు. ఫైల్లో నిజంగానే బిల్డింగు అన్న మాట లేదు.

"వర్షం వస్తే?"

"సెలవండీ."

మూడో ఆవిడ సూర్యకాంతం గారు. ఆవిడ ఒక్కరే స్టూడియో బల్లల దగ్గరికి వెళ్ళి ఎత్తు చూసి, కిటికీ చట్రం మీద వేలు పెట్టి, చివరికి వెనక్కి తిరిగారు.

"ఈ పని ఎవరు చేశారు?"

"మా పర్యవేక్షణలోనే..." అన్నారు బావగారు.

"ఎవరి డ్రాయింగు అండీ?"

ఇనాయతుల్లా గారు గట్టు మీద దూరంగా నిలబడి శాలిని వైపు చూపించారు. సూర్యకాంతం గారు దాన్ని పిలిచి ఏమ్మా ఎక్కడ చదివావ్ అని ఇంకేదో అడగబోయారు. ఈలోగా కొరమీను వేపుడు వచ్చింది. తనిఖీ అక్కడితో ముగిసింది. రిపోర్టులో 'గాలి, వెలుతురు అసాధారణం' అని రాశారట. ఎవరు డ్రాయింగు వేశారన్నది రాయడానికి అందులో గడి లేదట.

గుర్తింపు వచ్చింది. పేపర్లో బావగారు లైబ్రరీలో కూర్చుని చదువుతున్న ఫోటో వేశారు. పుస్తకాలు ఇంకా రాలేదు కాబట్టి శాలిని పోర్ట్‌ఫోలియోనే చేతిలో పట్టుకున్నారు. శాలిని దరఖాస్తు పెట్టింది. ఇనాయతుల్లా గారు తన తెల్లకాగితం మీద, తన చేతిరాతతో నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టారు. 'ఈ అమ్మాయి నా దగ్గర రెండేళ్ళు చేసింది. ఒక్క పని రెండోసారి చేయించే అవసరం రాలేదు.' ఆ కాగితాన్ని శాలిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జత చేసింది.

తర్వాతి ఆదివారం బావగారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. చేపల పులుసు వాళ్ళ పొలంలోదే. రెండు ముద్దలు తిన్నాక గొంతు సవరించుకున్నారు.

"మండలి రెండు నిర్ణయాలు తీసుకుంది. మొదటిది బాధాకరం. శాలిని దరఖాస్తు తిరస్కరించాం. రూలు తొమ్మిది."

శాలిని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కలిపిన ముద్ద అలాగే ఉంది.

"చూసుకుంటానన్నారు కదా పెదనాన్నా."

"చూశానమ్మా. రెండుసార్లు చూశాను. రూలు అలాగే ఉంది. ఏడో తరగతి మేస్త్రీ సంతకం చెల్లదు."

"ఆ మేస్త్రీ కట్టిన కాలేజీ చెల్లిందా అండీ బావగారూ?" అన్నాను నేను, పులుసు వడ్డిస్తూ.

"అది వేరే ఫైలమ్మా. రెండో నిర్ణయం వినండి. మన శాలినిని ప్రిన్సిపాల్‌గా వేశాం!"

మావారికి పొలమారింది. "విద్యార్థిగా పనికిరాని మనిషి ప్రిన్సిపాల్‌గా పనికొస్తుందా?"

"విద్యార్థికి పదకొండు రూల్సు రాశాంరా. ప్రిన్సిపాల్‌కి ఒక్కటీ రాయలేదు. మనం రూలు దాటి ఏమీ చెయ్యలేదు."

"మరి విద్యార్థులెవరు?" అంది శాలిని.

"మొదట నేనే. నేను రెండేళ్ళు చదివి పాసై గుర్తింపు తెచ్చుకుంటాను. తర్వాత నా కింద నువ్వు రెండేళ్ళు పనిచెయ్యి. సంతకం పెట్టేస్తాను. అప్పుడు విద్యార్థిగా చేరు. మొత్తం ఆరేళ్ళలో నీ పని అయిపోతుంది."

శాలిని లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది.

"మీ దరఖాస్తు ఎవరు చూడాలి పెదనాన్నా?"

"ప్రిన్సిపాలే."

"ఇవ్వండి."

ఆయన ఎడంచేత్తో జేబులోంచి తీసి ఇచ్చారు. శాలిని దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది.

"రెండేళ్ళ అనుభవం దగ్గర ముప్ఫై ఏళ్ళ ప్రజాసేవ అని రాశారు. ఎవరి కింద?"

"ఎవరి కింద అంటే... ఎప్పుడు ఎవరుంటే వాళ్ళ కింద."

"సంతకం లేదు."

"వాళ్ళు ఇప్పుడు నాకు సంతకం ఎందుకు పెడతారమ్మా?"

అది కాగితం అడుగున 'తిరస్కరించడమైనది' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి ఆయన కంచం పక్కన పెట్టింది. తడి తగలకుండా కొంచెం దూరంగానే పెట్టింది.

మావారు అన్నగారి మొహం చూడలేక ఫ్యాను వైపు చూశారు. బావగారు ఆ కాగితాన్ని కాసేపు చూశారు. తర్వాత ఎడంచేత్తోనే ఫోను తీసి విలేకరికి కలిపారు.

"రాసుకోవయ్యా. ఇంటీరియర్ కాలేజీలో సీటుకి తీవ్ర పోటీ. చైర్మన్‌కే దక్కని సీటు. సొంత అన్నకూతురే... కాదు, తమ్ముడి కూతురే నిర్దాక్షిణ్యంగా తిరస్కరించింది. ఏంటీ? ఎంతమందికి వచ్చాయా? ఒక్క నిమిషం. అమ్మా శాలినీ, సీట్లు ఎంతమందికి వచ్చాయని అడుగుతున్నాడు."

"ఎవరికీ రాలేదు పెదనాన్నా."

"ఎవరికీ రాలేదని రాయి. అంత స్ట్రిక్టు!"

శాలిని మళ్ళీ కూర్చుని ఆగిన ముద్ద తినేసింది. "ఇంకోటి కూడా చెప్పండి. ప్రిన్సిపాల్ రాజీనామా చేసింది."

"ఎందుకమ్మా?"

"రేపట్నుంచి జంగారెడ్డిగూడెంలో పని. ఇరవై పడకల ఆస్పత్రి. ఇనాయతుల్లా గారు మొత్తం డ్రాయింగులు నన్నే వెయ్యమన్నారు. కింద సంతకం కూడా నన్నే పెట్టమన్నారు." నావైపు తిరిగింది. "అమ్మా, ఆరున్నర బస్సుకి వెళ్తాను."

"సరే" అన్నాను.

బావగారు ఫోను మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నారు.

"ఉన్నావా? హెడ్డింగు మార్చు. తొలి ఏడాదే వంద శాతం ప్లేస్‌మెంట్."