స్పాంజికి మాస్టారి పేరు

ఆ రోజు ఉదయం అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. మాస్టారు ఇంట్లో లేని వేళ చూసి వాళ్ళింటికి వెళ్ళాలి. వెనక గదిలో ఆయన దాచుకున్న పాత గాజు స్లైడులతో తనకు దొరికిన స్పాంజి అనే సముద్రపు జీవిని ఆఖరిసారి పోల్చి చూసుకోవాలి. సాయంత్రం ఆయన పదవీ విరమణ సభలో లేచి నిలబడి, సముద్రంలో దొరికిన ఈ కొత్త జాతికి మాస్టారి పేరు పెడుతున్నామని చెప్పాలి. అంతే.

అమ్మాయి వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి తనే. సముద్ర జీవుల పరిశోధనశాలలో చేరిన కొత్తలో మైక్రోస్కోపులో ఏ కన్ను పెట్టాలో కూడా తెలియదు. మాస్టారే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. స్పాంజిని పైకి చూసి నమ్మకూడదనీ, రంగు మారుతుందనీ, ఆకారం అలల్ని బట్టి వంకర్లు పోతుందనీ, లోపలుండే గాజు సూదులు మాత్రం అబద్ధం చెప్పవనీ ఆయన చెబుతూంటే, స్పిరిట్ వాసన కొట్టే ఆ గదిలో మధ్యాహ్నాలు ఇట్టే గడిచిపోయేవి. బోటెక్కి తిరిగిన రోజుల్లో దొరికిన ప్రతి కొత్త స్పాంజికీ ఆయన ఎవరో ఒకరి పేరు పెట్టారు. గురువుగారి పేరు, బోటు నడిపినవాడి పేరు, ఒకసారి జ్వరం తగ్గించిన డాక్టరు పేరు. ఆయన పేరు మాత్రం దేనికీ లేదు. ఎవరి పేరు వాళ్ళే పెట్టుకోవడం ఆ వృత్తిలో మర్యాద కాదు. ఆ లోటు తను తీర్చాలని అమ్మాయి పట్టుదల.

తలుపు తీసిన మాస్టారి భార్యతో గుసగుసగా ఒకటే మాట చెప్పింది. "పిన్నిగారూ, నేనొచ్చినట్టు సార్‌కి చెప్పకండి. సాయంత్రం ఆయనకే తెలుస్తుంది."

ఏదో బహుమతి వ్యవహారం కాబోలనుకుని ఆవిడ కాఫీ పెట్టడానికి వెళ్ళింది. అమ్మాయి సీసాలోంచి స్పాంజిని తీసి, స్పిరిట్ కారిపోవడానికి పెరట్లో కుళాయి పక్కనున్న గిన్నెలో పెట్టి, వెనక గదిలో స్లైడుల పెట్టె ముందు కూర్చుంది.

ఇక్కడ మాస్టారి భార్య సంగతి కొంచెం చెప్పాలి. కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆవిడ స్పాంజిలతోనే సంసారం చేసింది. ఫ్రిజ్‌లో స్పాంజి, కిటికీలో స్పాంజి, ఒకసారి స్నానాల బకెట్లో స్పాంజి. రిటైరైన రోజు నుంచి ఒక్కటీ గడప దాటి లోపలికి రాదని మాస్టారు మాట ఇచ్చారు. సరిగ్గా ఆ రోజే ఆవిడ పెరట్లోకి వచ్చేసరికి గిన్నెలో బొటనవేలంత గోధుమరంగు ముద్ద, ఆ పాత కంపుతో సహా కూర్చుని ఉంది. ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. బాత్రూము కడిగే బ్లీచింగ్ సీసా తెచ్చి నిండా పోసి, చాలాకాలానికి హాయిగా ఊపిరి పీల్చుకుంది.

స్లైడులన్నీ చూసేసరికి అమ్మాయి ముఖం వెలిగిపోయింది. పెట్టెలో ఒక గడి ఖాళీగా ఉంది గానీ, మిగిలినవాటిలో ఏదీ తన స్పాంజితో కలవలేదు. కొత్తదే, సందేహం లేదు. పరుగున పెరట్లోకి వచ్చింది. గిన్నెలో నురగ, అడుగున చిటికెడు తెల్లని పొడి.

బ్లీచింగ్‌లో స్పాంజి కండంతా కరిగి గాజు సూదులు మిగులుతాయి. ఆ సూదుల కోసం శాస్త్రవేత్తలు గోరంత ముక్క మీద చేసే పనిని ఆవిడ మొత్తం జాతి మీద చేసేసింది. పేరు పెట్టాలంటే చూపించడానికి ఒక నమూనా ఉండాలి. ఉన్నది అదొక్కటే.

"ఆయనది కాదా అది?" అంది ఆవిడ బిక్కముఖంతో. "అచ్చం ఆయన తెచ్చేవాటిలాగే కంపు కొడుతూంటేనూ."

అమ్మాయి ఏడుస్తూనే ఆ పొడిని కడిగి చిన్న గొట్టంలోకి ఎత్తుకుంటోంది. ఈలోగా, సభకు నమూనా సీసా తీసుకెళ్ళమని అమ్మాయి ముందే చెప్పిపెట్టిన పరిశోధనశాల అటెండరు వీధి తలుపు తట్టాడు. ఖాళీ సీసా పంపితే పిల్ల పరువు పోతుందనిపించింది ఆవిడకి. వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి ఉంటే సీసాలో కుక్కి, స్పిరిట్ పోసి, ప్రస్తుతానికి ఇది ఉంచమని చెప్పి ఇచ్చేసింది. అటెండరు "ప్రస్తుతానికి" అన్న ముక్క దారిలోనే మరిచిపోయాడు.

వీళ్ళిద్దరూ పరిశోధనశాల హాల్లో సభకు చేరేసరికి అక్కడి డైరెక్టరుగారు వేదిక మీద ఉన్నారు. ఆయన చదువంతా చేపల మీద. స్పాంజిల గురించి తెలియదు, తెలియదని ఒప్పుకునే అలవాటూ లేదు. బల్ల మీది సీసాపై గుడ్డ తొలగించి, కోట్ల ఏళ్ళుగా సముద్ర గర్భంలో దాగిన ఈ అద్భుతం రంగులు చూడమన్నారు. పైన పసుపు, కింద ఆకుపచ్చ, గీత గీసినట్టు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు శ్రద్ధగా చూశారు. "నా సర్వీసులో ఇలాంటిది మా వంటింట్లో తప్ప ఎక్కడా చూడలేదు" అన్నారు.

హాలు గొల్లున నవ్వింది. అమ్మాయి లేచి జరిగిందంతా చెప్పేసింది. ముందు వరసలో మాస్టారి భార్య తల వంచుకుంది. మాస్టారు నవ్వలేదు, కసరలేదు. ఆ పొడి ఇలా ఇమ్మని చెయ్యి చాపారు. మూలనున్న మైక్రోస్కోపు కింద దాన్ని పెట్టి, ఎన్నాళ్ళనుంచో తెలిసిన మనిషి ఎదురైనట్టు అలాగే ఉండిపోయారు. తర్వాత చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన పాత స్లైడు ఒకటి తీశారు. ఆ ఉదయం ఆఫీసు సొరుగు ఖాళీ చేస్తూ జేబులో వేసుకున్నది. రెండూ చూడమని అమ్మాయిని పిలిచారు.

రెండింట్లోనూ ఒకటే సూది. నక్షత్రంలా ఉండి, ఒక్క కొస మాత్రం వంగి ఉంది.

"ఇది కొత్తది కాదమ్మా. పెళ్ళయిన కొత్తలో నేనే పేరు పెట్టాను. ఎప్పుడో మూతపడిన చిన్న పత్రికలో వేశారు, నీ కంటబడి ఉండదు. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, నీకు తెలుసుగా."

"ఎవరి పేరు సార్?"

మాస్టారు ముందు వరస వైపు చూశారు.

ఆవిడకు గుర్తుంది. అప్పట్లో ఆయన మురిసిపోతూ వచ్చి చెబితే, ఆ ప్రాణి ఎలా ఉంటుందని అడిగింది. తల ఉండదు, కాళ్ళుండవు, ఒళ్ళంతా చిల్లులు అని ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. తర్వాత చాలా రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

"ఆ తర్వాతి మాట చెప్పనిచ్చావు కాదు" అన్నారు మాస్టారు, సభనంతా మరిచిపోయి. "చుట్టూ ఉన్న మురికి నీళ్ళన్నీ రోజంతా వడకట్టి శుభ్రం చేసి వదులుతుంది. అడిగేవాడుండడు, మెచ్చుకునేవాడుండడు. అందుకు పెట్టాను."

"ఇన్నేళ్ళకా చెప్పడం?" అంది ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "పొద్దున్న నా పేరు మీద నేనే బ్లీచింగ్ పోసుకున్నానన్నమాట."

 మీ పేరు నిలబెడదామనుకున్నాను సార్, అంది అమ్మాయి.

"ఉందిగా" అన్నారాయన. "జాతి పేరు పక్కన, పేరు పెట్టినవాడి పేరు రాయాలని నీకు నేనే కదా నేర్పింది. ఆవిడ పక్కనే ఉన్నాను, అప్పట్నుంచీ."

సభ ముగిశాక మాస్టారి భార్య సీసాలోంచి తన స్పాంజిని అడిగి తీసుకుంది. మర్నాటి నుంచి అది గిన్నెలు తోమే చోట మాస్టారి చేతిలో కనిపించసాగింది. ఏ జాతో ఆరా తీయకుండా ఆయన పట్టుకున్న స్పాంజి అదొక్కటే.