సెలవెందుకు, కల ఉండగా!

ఉద్యోగికి సెలవు ఇవ్వడమంత పాపం మరొకటి లేదు! ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. పదకొండేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని, బాగా ఆలోచించి, ఈమధ్యే తెలుసుకున్న సత్యమిది.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఏం జరుగుతుంది? కుళాయి కారుతోందని తెలుస్తుంది. తలుపు గడియ ఊడిందని తెలుస్తుంది. మన పిల్లాడు ఏ తరగతిలో ఉన్నాడో తెలుస్తుంది. ఎందుకండీ ఇంత చాకిరీ? అందుకే మా కంపెనీ సెలవులకు బదులు కలలు ఇస్తోంది. నవ్వకండి, నిజంగానే ఇస్తోంది.

మాది పరుపుల కంపెనీ. నేను ఫిర్యాదుల విభాగం. "మీ 'మేఘం' పరుపు కుంగిపోయిందయ్యా, నడుం విరిగిపోతోంది" అని జనం ఫోన్ చేస్తారు. "మా పరుపు కుంగదండీ, మీరు పడుకునే తీరు ఒకసారి చూసుకోండి" అని నేనంటాను. రోజుకు అరవైసార్లు అంటాను. ఇంత అబద్ధం ఆడినవాడికి రాత్రి నిద్రెలా పడుతుందని మీకు అనుమానం రావచ్చు. పట్టదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?

మా మేనేజరు గారు దేవుడు. నా సర్వీసులో ఆయన ఎవరికీ 'కుదరదు' అనలేదు. 'తర్వాత చూద్దాం' అంటారు, అంతే. లిఫ్టు పాడైందన్నా అదే మాట, ఫ్యాను ఊడి మీద పడేలా ఉందన్నా అదే మాట. అందుకని ఆయనకు మేం చాటుగా 'తర్వాతచూద్దాం గారు' అని పేరు పెట్టుకున్నాం. ఎదురుగా 'సార్' అంటాం.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. కుట్టుమిషను తొక్కి పెంచింది. నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉంటుంది. రెండేళ్లుగా ఆమె చూపు మసకబారుతూ వచ్చి, చివరికి సూదిలో దారం ఎక్కించలేని స్థితికి వచ్చింది. వచ్చే వారం శుక్రవారం కంటి ఆపరేషను, శనివారం పొద్దున కట్టు విప్పుతారు. ఆ రోజు నన్ను రమ్మని ఫోన్ చేసింది.

"గడ్డం గీసుకుని రారా తమ్ముడూ. చూపు వచ్చీ రాగానే నీ మొహమే చూడాలి, జడుసుకుంటానేమో" అంది. ఎప్పుడూ ఇంతే, వేళాకోళం లేకుండా మాట్లాడదు. అంతలోనే, "నాకు భయంగా ఉందిరా. చూపు రాకపోతే ఆ మాట నువ్వే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా నేను తట్టుకోలేను" అంది.

అక్క నన్ను ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు. మర్నాడే సెలవు ఫారం నింపి పట్టుకెళ్లాను. మేనేజరు గారు శ్రద్ధగా చదివారు. "తర్వాత చూద్దాం" అన్నారు. "అయినా మీ గురించి కంపెనీ ఆలోచించకుండా ఉంటుందాండీ? మీరంతా మా కుటుంబ సభ్యులు. సోమవారం నుంచి ఒక కోచ్ గారు వస్తున్నారు. ఎక్కడికి వెళ్లాలనుకుంటే అక్కడికి కలలోనే వెళ్లి రావచ్చు. బస్సు ఎక్కే పని కూడా లేదు!"

చూశారా? ఇలాంటి కంపెనీ దొరకాలంటే పెట్టి పుట్టాలి.

కోచ్ గారు సన్నగా, ఉతికి ఆరేసినట్టు ప్రశాంతంగా ఉన్నారు. విషయం తేలిగ్గా చెప్పారు. కల వస్తున్నప్పుడు అది కల అని తెలిస్తే చాలు, ఇక అందులో మన ఇష్టారాజ్యం. ఎగరొచ్చు, సముద్రం మీద నడవొచ్చు. మరి కల అని తెలిసేదెలా? దానికి పగలంతా సాధన చేయాలి. గంటకోసారి ఆగి, 'నేను మెలకువగా ఉన్నానా?' అని మనల్ని మనమే అడగాలి. చేతి వేళ్లు లెక్కపెట్టుకోవాలి. మెలకువలో అయిదుంటాయి, కలలో ఆరో ఏడో కనిపిస్తాయి. ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడాలి. కలలో అయితే మూసిన ముక్కులోంచి కూడా గాలి ఆడుతుంది. పగలు అలవాటైన ప్రశ్న రాత్రి కలలోనూ వస్తుంది, దొంగ దొరికిపోతాడు.

"ఇంకొకటి. కల గుర్తులు రాసుకోండి. మీ జీవితంలో ఎన్నటికీ జరగనిది ఏదైనా జరిగితే, అది కలే!" అన్నారు.

నేను బుద్ధిమంతుణ్ణి. పుస్తకం కొని రాసుకున్నాను. ఒకటి, లిఫ్టు రావడం. రెండు, మేనేజరు గారు సెలవు తీసుకోమనడం. మూడోది ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఇక మా ఆఫీసు వైభోగం చూడాలి! గంటకోసారి బజర్ మోగుతుంది. డెబ్బై మందీ చేతులు మొహాల ముందు పెట్టుకుని వేళ్లు లెక్కపెడతాం. తర్వాత డెబ్బై ముక్కులు మూతపడతాయి. పరుపు కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన, గ్యాసు లీకైందనుకుని మెట్లమీంచి పరుగే పరుగు!

ఫిర్యాదులు సగానికి సగం పడిపోయాయి. ఎలాగంటారా? "పరుపు కుంగింది" అని ఎవరైనా ఫోన్ చేయగానే, "ముందు మీ వేళ్లు లెక్కపెట్టుకోండి సార్, కల కావచ్చు" అనేవాణ్ణి. కొందరు లెక్కపెట్టేవారు. కొందరు నన్ను తిట్టి పెట్టేసేవారు. రెండు రకాలవాళ్లూ మళ్లీ ఫోన్ చేయలేదు.

దీనివల్ల ఎరుక పెరుగుతుందని కోచ్ గారు చెప్పారు కానీ, మరీ ఇంత పెరుగుతుందని చెప్పలేదు. నా సీటు పక్కన కిటికీ ఉందనీ, అందులోంచి పచ్చటి కొండ కనిపిస్తుందనీ పదకొండేళ్లుగా నా నమ్మకం. బుధవారం తేరిపార చూద్దును కదా, అది కేలెండరు! అదీ నేను ఉద్యోగంలో చేరిన ఏటిది. పక్క సీటాయన నాలుగు నెలల క్రితమే రిటైరయ్యాడట. నేను రోజూ వట్టి కుర్చీకి గుడ్ మార్నింగ్ చెబుతున్నాను.

ఇంటికెళ్తే మావాడు నాకంటే బెత్తెడు పొడుగున్నాడు. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఉంది.

"ఎప్పట్నుంచీ ఇవి?" అన్నాను.

"మూడేళ్లయిందండీ. ఫ్రేము మీరే ఎంచారు" అంది. గొంతులో కోపం కూడా లేదు. కోపమైనా ఉంటే బాగుండేదనిపించింది.

పోనివ్వండి. గురువారం రాత్రి నాకు ఫలితం దక్కింది! కలలో నేను సెలవు ఫారం నింపుతున్నాను. అవునండీ, ఎగరగలిగిన చోట కూడా ఫారమే నింపాను, అలవాటు అలాంటిది. మేనేజరు గారు నవ్వుతూ సంతకం పెట్టారు. సంతకమా! వెంటనే వేళ్లు చూసుకున్నాను. ఆరు! ఇంకేముంది, గాల్లోకి లేచి ఆస్పత్రి కిటికీలోంచి అక్క మంచం పక్కన దిగాను. నర్సు కట్టు విప్పుతోంది. విప్పుతూనే ఉంది. ఆ గుడ్డ గదంతా నిండింది గానీ అక్క కన్ను మాత్రం కనిపించలేదు. ఇంతలో అలారం మోగింది. లేచి కూర్చుని, ఎందుకో చాలాసేపు పళ్లు కూడా తోముకోలేదు.

మరునాడే ఆపరేషను. మా ఆవిడ వెళ్లి అక్క దగ్గరుంది. "ఆపరేషను అయిపోయింది. వదిన మిమ్మల్నే అడుగుతోంది" అని ఫోన్ చేసింది. మధ్యలో అక్క ఫోన్ లాక్కుని, "ఏరా, నీ వేళ్లెలా ఉన్నాయి? అయిదేనా, పిల్లల్ని పెట్టాయా?" అంది. ఈ సాధన గురించి చెప్పిన రోజు నుంచీ ఆమెకిదే పని.

సాయంత్రం నాలుగింటికి మేనేజరు గారు గదిలోకి పిలిచారు. ఫిర్యాదులు తగ్గినందుకు హెడ్డాఫీసు ఆయన్ను తెగ మెచ్చుకుందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలియదు. బల్లమీద నా ఫారం ఉంది. పక్కన మూత తీసిన పెన్ను. ఆయన మొహమంతా చిరునవ్వు.

"రేపు సెలవు తీసుకోండి. వెళ్లి మీ అక్కయ్యగారిని చూసుకుని రండి" అన్నారు.

రెండో నంబరు కల గుర్తు! ఇక వేళ్లు లెక్కపెట్టడం దేనికి? సూర్యుడు పడమట పొడిచాక దిక్సూచి తీస్తామా? గురువారం చేసిన తప్పు ఈసారి చేయకూడదు, ఎగిరిపోయే ముందు కడుపులో ఉన్నది కక్కేయాలి అనుకున్నాను. ఆయన ప్లేటులోంచి రెండు బిస్కెట్లు తీసుకుని, ఎదురు కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాను.

"మీ పేరేంటో తెలుసా సార్? తర్వాతచూద్దాం! ఆఫీసంతా అలాగే పిలుస్తాం. నా పక్క సీటాయన ముప్పయ్యేళ్లు పనిచేసి వెళ్లిపోతే ఒక్క వీడ్కోలు మాట లేదు. నాకు కిటికీ అని చెప్పి కేలెండరు తగిలించారు. మా అక్క భయపడుతూ రమ్మంటే కలలో వెళ్లిరమ్మంటారా? మనిషికి ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు ఇవ్వలేనివాళ్లు పరుపులెందుకు సార్, మేకులు అమ్ముకోండి!"

ఎంత హాయి! బిస్కెట్ నమిలి మింగి, బల్ల ఎక్కి, చేతులు చాపి, ఆస్పత్రి వైపు ఎగిరాను.

గది మూలన శాంపిలుగా వేసిన 'మేఘం' పరుపు మీద పడ్డాను. అది కుంగింది! అడుగుదాకా కుంగింది. నా మోకాళ్లు నేలకు కొట్టుకుని ప్రాణం పోయినంత పనైంది. కలలో ఇంత నొప్పి ఉంటుందా? వేళ్లు చూసుకున్నాను. అయిదు. మళ్లీ లెక్కపెట్టాను. అయిదే! పదకొండేళ్ల ఉద్యోగం, రేపటి సెలవు, మా అక్క కన్ను, అన్నీ కలిపి నా నోటితో నేనే తగలబెట్టుకున్నాను.

తలెత్తి చూస్తే మేనేజరు గారి మొహం పాలిపోయి ఉంది. ఒక చేత్తో ముక్కు మూసుకుని ఉన్నారు. పాపం, ఆయనా సాధన చేస్తున్నారు! అయితే ఆయన ఏ పనీ పూర్తిగా చేసే మనిషి కాదు. ముక్కు సగమే మూశారు, సందులోంచి గాలి ఆడుతోంది.

"ఏవండీ... ఇది కలా?" అన్నారు ముక్కుతో.

పదకొండేళ్ల ఫిర్యాదుల విభాగం ఊరికే పోతుందా? నా గొంతు దానంతటదే మెత్తబడింది. "కలే సార్. మీరేం కంగారు పడకండి" అన్నాను.

"అదీ! అనుకున్నాను. మెలకువలో నాతో ఎవరైనా ఇలా మాట్లాడతారా?"

"అస్సలు మాట్లాడరు సార్. ఎలాగూ కలే కదా, ఆ ఫారం మీద సంతకం పెడితే పోయేదేముంది?"

పెట్టారు! ఆ కాగితం జేబులో పెట్టుకుని, కుంటుకుంటూ మెట్లు దిగి, దొరికిన బస్సెక్కాను.

శనివారం పొద్దున తొమ్మిదింటికి నర్సు అక్క కట్టు విప్పింది. నాలుగు చుట్లకే అయిపోయింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "ఏదీ, మీ చెయ్యి ఇలా చూపించండి" అంది. చాపాను. అక్క కన్ను చికిలించి చూసింది. రెప్ప కొట్టింది. మళ్లీ చూసింది.

"ఎన్ని వేళ్లమ్మా?"

"ఆరు" అంది అక్క.

అంటే సంతకం కల, బస్సు కల, ఇదంతా కలేనా? నేను ఇంకా ఆ కేలెండరు పక్కనే ఉన్నానా? అక్క ఒక్కతే ఎక్కడో కట్టుతో కూర్చుని నాకోసం ఎదురుచూస్తోందా? రెండు చేతులతో ముక్కు మూసుకున్నాను. గట్టిగా మూసుకున్నాను. గాలి ఆడలేదు. ఇంకా మూసుకున్నాను. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఒరేయ్, వదలరా, చచ్చిపోతావు! అయిదే, అయిదే!" అని అక్క నా చేతులు లాగేసింది. నవ్వుతోంది, మా ఆవిడా నవ్వుతోంది, డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. "ఆ గడ్డం ఏంట్రా? ఈ చొక్కా ఏంటి, తెల్ల చొక్కాకు నల్ల దారంతో గుండీ కుడతారా ఎవరైనా?"

నల్ల దారం! అక్కకు దారం కనిపిస్తోంది! నేను ఆస్పత్రి అని కూడా చూడకుండా ఏడ్చేశాను.

పాఠకులారా, ఎరుక నేర్పినందుకు మా కంపెనీకి నమస్కారం. ఇన్నేళ్లూ అందరి ఫిర్యాదులూ విన్నవాణ్ణి, నాదీ ఒకటి వినండి. ఒక్క రోజు సెలవు దొరికితే అది కలేమోనని ముక్కు మూసుకుని చూసుకోవలసిన బతుకు అయిపోయింది మనది. ఇది ఏ విభాగంలో నమోదు చేస్తారో నాకు తెలియదు.

ఇంతలో ఫోన్ మోగింది. మేనేజరు గారి మెసేజ్. నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. అక్క లాక్కుని, ఫోన్ దూరంగా పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. రెండేళ్ల తర్వాత ఆమె చదివిన మొదటి మాటలు అవి.

"నిన్న... మీరు... నా గదికి నిజంగా వచ్చారా? వెంటనే... జవాబు... ఇవ్వండి."

నేను మోకాలు తడుముకుంటూ నేల చూపులు చూశాను. అక్క నా చెయ్యి వదలకుండానే కళ్లు మూసి, తెరిచి, ఇంకోసారి హాయిగా గదంతా చూసుకుంది.

"తర్వాత చూద్దాం అని రాయరా" అంది.