గుట్ట మీది పొయ్యి

దేవిదాస్ గుట్ట మీద వంటమనిషిగా కుదిరాడని పక్కింటి సుజన పిండిగిర్ని దగ్గర చెప్పిందట. జీతం లేదట. రెండు పూటలా తిండి పెడతారట, అదీ అతను వండుకున్నదేనట. ఆ మాట గిర్నీలో పిండికంటే మెత్తగా నలిగి, సాయంత్రానికల్లా బాన్సువాడ బస్టాండు పక్క చాయ్ హోటల్లో కూర్చున్న దేవిదాస్ చెవిలోనే వచ్చి పడింది.

"గట్ల ఎవరన్నరు?" అని అతను మీసం దువ్వాడు. "మా ఇంటామె గుట్ట మీద నాటుకోడి వండుతది. వాసన కిందికి వస్తుండొచ్చు. గంతే."

కోడి నిజమే. వాసనా నిజమే. వండిన చెయ్యి ఎవరిదన్న దగ్గరే చిన్న తేడా.

ఆ గుట్ట దేవిదాస్ భార్య ప్రేమలకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. నాగలి దిగదు, నీళ్లెక్కవు. "మా మామ బిడ్డతోని బండలు గూడ ఇచ్చిండు" అని దేవిదాస్ పెళ్లైన నాటినుంచీ కనబడ్డవాళ్లకల్లా చెప్పేవాడు. అలాంటివాడు ఓసారి హైదరాబాద్ పక్కన ఎవరిదో ఫామ్‌హౌస్ చూసొచ్చి, రాత్రికి రాత్రి ఆ బండల మీద ప్రేమ పెంచుకున్నాడు. చెరుకు పంట చేతికొచ్చిన ఏడాదే గుట్ట పైన రెండు గదుల ఇల్లు కడతానన్నాడు.

"హిల్ స్టేషన్ లెక్క ఉంటది చూడు" అన్నాడు.

ఆ హిల్ స్టేషన్ ఎత్తు ఎంతంటే, పైన నిలబడి దగ్గితే కింద కళ్లంలో కోళ్లు తలెత్తి చూస్తాయి. గేటుకు 'హిల్ వ్యూ' అని బోర్డు రాయిస్తానంటే ప్రేమల ఆగమంది. "గుట్ట మీద కూసున్నోనికి గుట్ట ఎట్ల కనవడ్తదయ్యా? కిందున్నోళ్ల ఇండ్లకు రాయించు ఆ బోర్డు."

బోర్డు ఆగిపోయింది గానీ ఇల్లు ఆగలేదు. దానికి మాత్రం ఆమె ఒక షరతు పెట్టింది.

"గుట్ట నా పేరు మీదున్నది. కట్టుకో, కాదన. గని గుట్ట ఎక్కినంక పొయ్యి నాది గాదు."

"అంటే?"

"అంటే నేను వండ. బాసర పోతే వ్యాన్ల నాకంటే ముందు గ్యాస్ పొయ్యి ఎక్కింది. నీ చెల్లె పెండ్లిల నేను పెండ్లి చూడలే, పప్పు గుండిగె చూసిన. సెలవంటే నాకు గూడ సెలవుండాలె."

"ఓస్, గంతేనా!" అని దేవిదాస్ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. అతని ఉపాయం అతనికుంది. ఆడమనిషి చేతులు ఎంతసేపని ఊరుకుంటాయి? కట్టుకున్నవాడు పొట్ట పట్టుకుని మూలిగితే, తిట్టుకుంటూనైనా లేచి ఎసరు పెడుతుంది.

ఇల్లు పూర్తయిన ఎండాకాలంలో ఆమె లేవలేదు. వేపచెట్టు కింద మంచం వాల్చుకుని పడుకుంది. దేవిదాస్ ముందుజాగ్రత్తగా బాన్సువాడ మెస్సు నుంచి క్యారియర్ తెచ్చుకున్నాడు. కోతులు దాన్ని అతనికంటే ఒద్దికగా విప్పి, చపాతీలు పంచుకుని, నీళ్ల పప్పు నచ్చక అతనికే వదిలేశాయి.

"ఆకలైతుందే ప్రేమలా..." అని అతను రాగం తీశాడు.

"మామిడిపండ్లున్నయి. తిని పండుకో. గాలి ఎంత మంచిగొస్తుంది!" అని ఆమె అటు తిరిగి పడుకుంది.

పండ్లతో రెండు పూటలు నెట్టుకొచ్చాక మూడో పూట దేవిదాసే బియ్యం కడిగాడు.

వానాకాలంలో మరో ఉపాయం తట్టింది. నిజాంసాగర్ వైపు నుంచి మబ్బులు గుంపుగా వచ్చి గుట్టకు రాసుకుంటూ పోతున్నాయి. కాలువ కింద పొలాలన్నీ నాట్లు పడి పచ్చగా ఉన్నాయి. ఇంత అందంలో కూర్చుని దేవిదాస్ పప్పులో పిడికెడుకు పిడికెడు ఉప్పు కుమ్మరించాడు. ఒక్క ముద్ద తింటే చాలు, గరిటె లాక్కుంటుందని అతని ధీమా.

ప్రేమల ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసింది, తెరిచింది. చెంబెడు నీళ్లు తాగింది.

"ఏం ఫికర్ చెయ్యకు" అంది చల్లగా. "కొత్తల గిట్లనే ఉంటది. చెయ్యి తిరగాలంటే వారం వారం రావాలె."

నెలకోసారి ఎక్కే గుట్టను ఆనాటి నుంచి ప్రతి ఆదివారం ఎక్కారు. చెయ్యి నిజంగానే తిరిగింది. వానకు తడిసిన కట్టెలు ఊదీ ఊదీ అతని బుగ్గలు సన్నాయి ఊదేవాడి బుగ్గలయ్యాయి. కింద కలుపు తీసే ఆడవాళ్లు గుట్ట మీద పొగ లేస్తే "ఇగో, దేవిదాసన్న పొయ్యి ముట్టిచ్చిండు, పగటీలైంది" అని లేచి సద్దిమూటలు విప్పుకునేవారు. వాళ్లలో సుజన కూడా ఉండేది. పిండిగిర్నీ మాటకు మూలం అదీ.

ఇక ఊళ్లో పరువు నిలవాలంటే చలికాలం దాటకముందే ప్రేమల చేత గుట్ట మీద పొయ్యి ముట్టించాలి. దేవిదాస్ చివరి ఉపాయం తీశాడు. కూతురు వందన అత్తామామల్ని, వర్నిలో ఉండే హరనాథబాబునూ లక్ష్మీకుమారినీ గుట్ట మీదికి పిలిచాడు. ఏనాడో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకుంటున్న కుటుంబం. మర్యాదకు పెట్టింది పేరు. వియ్యపురాలి ముందు ఏ ఆడదైనా మొగుణ్ణి పొయ్యి దగ్గర నిలబెడుతుందా?

ఒకవేళ నిలబెట్టినా, అతని దగ్గర ఇంకో అస్త్రముంది. మోకాళ్ల నొప్పులని ఇంతవరకూ గుట్ట ఎక్కని తల్లి బక్కమ్మను ఈసారి ట్రాక్టర్ ట్రాలీలో పరుపు వేసి మరీ ఎక్కించాడు. ఇంట్లో కొడుకు మంచినీళ్ల గ్లాసు ముంచుకున్నా "మొగోనికి గీ కర్మ ఏంది?" అని గోలచేసే మనిషి ఆమె.

"వియ్యపోళ్లు వస్తుండ్రు" అని చెబితే ప్రేమల "రానియ్యి" అని ఊరుకుంది. సంచి సర్దుకుంది. దేవిదాస్ చాటుగా తొంగి చూశాడు. శాలువా ఉంది, కొబ్బరినూనె ఉంది. మసాలా డబ్బా లేదు. బయట ట్రాలీలో మాత్రం కొత్త కుర్చీలు రెండున్నాయి.

వచ్చీరాగానే లక్ష్మీకుమారి కొంగు దోపింది. "వంటగది ఎటండీ వదినగారూ? నేనూ ఓ చెయ్యి వేస్తాను."

ప్రేమల ఆమె చెయ్యి పట్టుకుని కొత్త కుర్చీలో కూర్చోబెట్టింది. "కూసోండి వదినా. మా గుట్ట మీద ఆడోళ్లు పొయ్యి ముట్టరు. మా ఆయన పెట్టిన ఆచారం." అని భర్త వైపు తిరిగింది. "మీరే అన్నరు గదా, ఇండ్లల్ల ఆడోళ్లు అలసిపోతుండ్రు అని?"

ప్రేమల తనను 'మీరు' అన్నదంటే కొంప మునిగిందనే లెక్క. దేవిదాస్ నోరు తెరిచాడు. కానీ అప్పటికే లక్ష్మీకుమారి రెండు చేతులూ జోడించింది.

"ఎంత దొడ్డ మనసండీ అన్నయ్యగారూ మీది! ఏవండీ, వింటున్నారా?"

హరనాథబాబు విన్నాడు. వినకుండా ఉంటే బాగుండేదని అతని ముఖమే చెబుతోంది. తెల్ల చొక్కా చేతులు మడుచుకుంటూ వియ్యంకుడి వెనకే వంటగదిలోకి నడిచాడు.

"ఏంటి బావగారూ ఈ ఆచారం?" అని లోపల బుసకొట్టాడు. "మా ఇంట్లో వంటగది ఎటుందో నాకు తెలీదు. కరెంటు పోతే దారి కూడా దొరకదు."

"మెల్లగ బావా, వింటరు. కోడిని కడుగుండ్రి."

"సబ్బుతోనా?"

దేవిదాస్ కోడిని లాక్కుని బాబుగారి చేతికి పిండి గిన్నె ఇచ్చాడు. జొన్నరొట్టెలు మొదలయ్యాయి. దేవిదాస్ కొట్టిన రొట్టె కామారెడ్డి జిల్లాలా వంకరగా వచ్చింది. బాబుగారిది జిల్లాలు విడిపోకముందు నిజామాబాదంత వచ్చి పెనం అంచులు దాటింది. దాన్ని తిప్పబోతే ముక్కలై ఒకటి మంటలో పడింది, ఒకటి కాలి మీద పడింది. బాబుగారి కేకకు కిటికీ దగ్గర కాచుక్కూర్చున్న కోతి బెదరాల్సింది పోయి లోపలికొచ్చి, వేడి రొట్టె చంకలో పెట్టుకుని దర్జాగా వెళ్లింది. వాళ్లిద్దరూ చెరో గరిటె పట్టుకుని దాని వెనక పడేసరికి కూర అడుగంటింది.

పొగలోంచి, దగ్గుల్లోంచి, పిండి మీసాలతో బయటపడ్డ ఇద్దరినీ లక్ష్మీకుమారి ఫోనులో వీడియో తీసింది. తీసి ఊరుకోలేదు, రెండు వైపుల బంధువులూ ఉన్న గ్రూపులో పెట్టింది. కాసేపటికే ఫోను వేడెక్కిపోయింది. ఎండాకాలం పిల్లల్ని తీసుకొస్తామని పిట్లం నుంచి మేనత్త రాసింది. దసరాకు మేమని జుక్కల్ నుంచి పిన్ని రాసింది. మగవాళ్లు మాత్రం ఒక్కరూ ఏమీ రాయలేదు.

పొద్దు వాలింది. కాలువ మీద మంచు తెరలా పరుచుకుంటోంది. ప్రేమల శాలువా కప్పుకుని, కాళ్లు రెండూ కుర్చీలోకి ముడుచుకుని, వియ్యపురాలు చెప్పేదానికి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. దేవిదాస్ గుమ్మంలో గరిటెతో నిలబడి ఒక్క నిమిషం అలాగే చూశాడు. పెళ్లయ్యాక ఈ మనిషి ఇంతసేపు ఒక్కచోట కూర్చుని నవ్వగా అతను చూడనేలేదు. బాగానే ఉందనిపించింది. ఆ మాట పైకంటే మరో ఆచారం పుడుతుందని మింగేశాడు.

అందరికీ వడ్డించాడు. మాడిందని ఎవరూ అనలేదు. హరనాథబాబైతే తను చేసిన రొట్టె తనే అపురూపంగా రెండుసార్లు పెట్టుకున్నాడు. చివరికి దేవిదాస్, పొద్దంతా పరుపు మీద కునికి కూర వాసనకు లేచిన తల్లి పక్కన చతికిలబడి, బొబ్బలెక్కిన వేళ్లు చూపించి, తన ఆఖరి అస్త్రం వదిలాడు.

"చూస్తున్నవ్ గదా అవ్వా, నీ కొడుకు గతి. నువ్వన్న చెప్పు నీ కోడలికి."

లక్ష్మీకుమారి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ప్రేమల కాళ్లు మెల్లగా కిందికి దింపింది. బక్కమ్మ బొక్క చీకడం పూర్తిచేసి, పళ్లెం అంచున పెట్టి, వేళ్లు నాక్కుంది. కొడుకు ముఖం వైపు, కోడలి కుర్చీ వైపు, కింద మసక చీకట్లో మునుగుతున్న బాన్సువాడ వైపు చూసింది.

"మీ నాయిన ఉన్నప్పుడు మనకు గుట్ట లేకపాయె బిడ్డా. ఉంటే ఆయనను గూడ ఎక్కిస్తుంటి."