చూపుకి ఎన్ని తోకలు

చూడటం అనే ఒక్క చిన్న పనికి ఇంగ్లీషువాడు ఇన్ని తోకలు ఎందుకు తగిలించాడా అని ఆలోచిస్తూ, ముఖం కడుక్కోవడం ఎప్పుడో అయిపోయినా నీళ్ళ మగ్గు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు మాస్టారు. అదే లుక్. వెనక ఫర్ తగిలిస్తే వెతకడం. ఇంటూ అయితే పరీక్షగా చూడటం. ఔట్ అయితే జాగ్రత్తపడటం. ఆఫ్టర్ అయితే బాగోగులు చూసుకోవడం. మాట అదే, తోక మారితే మనిషే మారిపోతాడు. వెతికేవాడిలో ఒక లోటు ఉంటుంది. పరీక్షించేవాడిలో అనుమానం. బాగోగులు చూసేవాడిలో ప్రేమ. ఇంత మనసుని ఇంతింత ముక్కల్లో దాచిన భాషకి దండం పెట్టాలనిపించింది. చేతిలో మగ్గు ఉండటం వల్ల పెట్టలేదు. ఎట్ అని ఇంకొకటి ఉంది, ఊరికే ఒకరి వంక చూడటం. పసిపిల్లలకి కూడా వచ్చేదే కదా అని దాన్ని వదిలేశాడు.

ఆ రోజు స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో అతని రెండో డెమో. మొదటి డెమోలో పాఠమంతా గచ్చుకి చెప్పాడు. ఎవరు నవ్వారో, ఎవరు కునికారో తెలియదు గానీ, ఎవరి చెప్పులకి ఏ పట్టీ ఉందో మాత్రం చెప్పగలడు. సెంటర్లో అతనికి నేలచూపుల మాస్టారని పేరు. ఈసారి కూడా తప్పితే వెనకగదిలో జవాబు పేపర్లు దిద్దుకుంటూ ఉండిపోవాలి. క్లాసు చెప్పాలన్న ఆశ వదులుకోవాలి. రెండో డెమోకి ప్రిన్సిపాల్ మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. మాస్టారు నోరు మెదపకూడదు, లుక్ తోకలని చేసి చూపించాలి. అర్థం ఎదుటివాళ్ళే చెప్పాలి. సరిగ్గా చెబితే తల ఊపాలి, అంతే.

ఇంట్లో ఒకసారి చేసి చూసుకుందామని వంటింట్లోకి వెళ్ళాడు. అత్తగారు కూరగాయలు తరుగుతోంది. అతను బల్ల కిందికి వంగాడు, అలమర వెనక చెయ్యి పెట్టి తడిమాడు.

"ఏం బాబూ, వెతుకుతున్నారు?"

అతని గుండె ఝల్లుమంది. వెతుకుతున్నారు! మొదటి ప్రయత్నంలోనే! గట్టిగా తల ఊపాడు.

"ఏం పోయిందేంటి?"

అది పాఠంలో లేని ప్రశ్న. జవాబివ్వకుండా తర్వాతి తోకకి వెళ్ళాడు. పిండి డబ్బా మూత తీసి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, డబ్బాని వెలుతురుకి తిప్పి అంచులన్నీ గమనించాడు.

"అంత పరీక్షగా చూస్తున్నారు, అందులోకి గానీ దూరిందా?"

పరీక్షగా! తల ఊపాడు. ఆ తర్వాతి మాట అతని చెవి దాకా వచ్చింది గానీ లోపలికి రాలేదు. ఆనందం మనిషిని చెవిటివాణ్ణి చేస్తుంది. అత్తగారు మెల్లగా కాళ్ళు కుర్చీ మీదికి తీసుకుంది. దూరిందంటే, దానికి ప్రాణం ఉన్నట్టే.

ఇంతలో పక్కింటి బాబాయిగారు, రిటైరైన సర్వేయరు, "ఏంటమ్మా సందడి?" అంటూ పెరటి గుమ్మంలో అడుగు పెట్టబోయాడు. మాస్టారు చటుక్కున తిరిగి, రెండు చేతులూ చాచి, కళ్ళు పెద్దవి చేశాడు.

"ఆఁ? జాగ్రత్త అంటారా?"

మాస్టారు తల ఊపాడు. బాబాయిగారు ఒంటికాలి మీద కొయ్యబారిపోయాడు.

"చెల్లెమ్మా, ఏంటమ్మా అది?"

"నాకేం తెలుసు అన్నయ్యగారూ! పిండి డబ్బాలో పట్టేంతది!"

"అయితే తేలే!" అన్నాడు బాబాయిగారు. కొలతలు చూసి తేల్చేయడం ఆయన వృత్తి. కర్ర కోసం పెరట్లోకి పరుగెత్తాడు.

ఇక మిగిలింది ఆఫ్టర్. మాస్టారు అత్తగారి వీపు వెనక దిండు పెట్టాడు, మంచినీళ్ళు అందించాడు, నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"ఎందుకు బాబూ, నన్నింత బాగా చూసుకుంటున్నారు?"

నాలుగుకి నాలుగు! అతని తల ఆగకుండా ఊగుతూనే ఉంది. ఆ ఊపులోనే ఆవిడ తర్వాతి ప్రశ్న కూడా పడిపోయింది.

"అంటే... నన్ను కుట్టేసిందా?"

ఆవిడ పెట్టిన కేకకి వీధి కదిలింది. ఒకరు చీపురుతో, ఒకరు చేతిలో చెప్పుతో, ఒకరు ఐసుముక్కలతో వచ్చారు. అత్తగారికి ఎడమకాలు మొద్దుబారింది. "కుడికాలా అమ్మా?" అని ఎవరో అడగ్గానే అది కూడా మొద్దుబారింది. మాస్టారు నిజం చెబుదామని నోరు తెరిచాడు. ఇంతమంది! చూపు అలవాటుగా నేల మీదికి జారింది.

"మాస్టారు కిందికి చూస్తున్నారు! అక్కడే ఉంది!"

అందరూ దొరికిన కుర్చీ, దొరికిన బల్ల ఎక్కేశారు. డెమో టైము దాటినా మనిషి రాలేదేమని వెతుక్కుంటూ వచ్చిన ప్రిన్సిపాల్ మేడమ్, గుమ్మంలోనే "తేలు!" అన్న మాట విని, ఏ వివరమూ అడక్కుండా స్టూలెక్కింది.

అప్పుడు ముందుగదిలో కుట్టుమిషను ఆగింది. మాస్టారి భార్య లోపలికొచ్చింది, పెదాల మధ్య గుండుసూదులతో. గుడ్డని ఒక్కసారి తడిమి, మడత ఎక్కడ తప్పిందో చెప్పేయగల మనిషి ఆవిడ. తల్లి కాళ్ళు చూడలేదు, నేలా చూడలేదు. భర్తని చూసింది. సూదులు ఒక్కొక్కటే తీసి జాకెట్టు చేతి అంచుకి గుచ్చుకుంది.

"ఏవండీ, నిన్న అద్దం ముందు ఊపారే, అలా ఊపారా తల?"

అతను తల ఊపాడు.

"ఇదే! తేలూ లేదు గీలూ లేదు. అమ్మా, కాళ్ళు దించు. ఆయన పాఠం చెప్పుకుంటున్నారు."

మేడమ్ స్టూలు దిగలేదు. "ఏం చేశారండీ ఆయన?" అని అత్తగారిని అడిగింది.

"ముందు వెతికారు. తర్వాత పరీక్షగా చూశారు. అన్నయ్యగారిని జాగ్రత్త అన్నారు. నన్ను కన్నకొడుకులా చూసుకున్నారు. అంతసేపూ నోట్లోంచి ఒక్క మాట రాలేదమ్మా!"

మేడమ్ స్టూలు మీదే నిలబడి నాలుగు వేళ్ళు మడిచింది. "నా క్లాసుకి ఒకాయన ఏడాదిగా వస్తున్నాడు. లుక్ ఆఫ్టర్ అంటే వెనక్కి తిరిగి చూడటం అంటాడు. మీరు ఒక్క పూటలోనే అన్నీ నేర్చేసుకున్నారు."

అత్తగారి రెండు కాళ్ళకీ ఒకేసారి స్పర్శ వచ్చింది.

"కానీ మాస్టారూ, ఒకటి వదిలేశారు. ఎట్. అది రాకపోతే క్లాసు ఇవ్వలేను."

మాస్టారు స్టూలు కాలు వంక చూశాడు.

"స్టూలుని కాదండీ. నన్నే చూడక్కర్లేదు. ఎవరో ఒక మనిషిని."

చూపుకి ఇంత బరువుంటుందని అతనికి తెలియదు. భార్య పాదాల దగ్గర మొదలుపెట్టాడు. బట్టలకి అంటుకున్న దారప్పోగులు. మెడలో వేలాడే కొలత టేపు. గడ్డం. అక్కడ కొంచెం ఆగి, తలెత్తాడు. ఆవిడ ఎడమ కనుబొమ్మలో ఒక తెల్లవెంట్రుక ఉంది. అది ఎప్పుడొచ్చిందో! ఆవిడ చూపు తిప్పుకోలేదు. అతనూ తిప్పుకోలేదు.

"సోమవారం క్లాసుకి వచ్చేయండి," అంది మేడమ్ మెల్లగా.

పెరట్లో పూలకుండీల మధ్యనుంచి కర్రతో బాబాయిగారు కేకేశాడు. "మాస్టారూ, దొరికిందా?"

మాస్టారు భార్య ముఖం మీంచి చూపు తీయకుండానే తల ఊపాడు.

ఏమడిగినా ఆ తల అలా ఊగుతూనే ఉంటుందని అప్పటికే తెలిసిపోయింది కాబట్టి, బాబాయిగారు వెతకడం మానలేదు.