గడియారమ్మ ఫైలు

ఈ లోకంలో ఏ ఉద్యోగమూ దానంతట అది పోదు. పోయిందని ఒకరు రాసి, అవునని ఇంకొకరు సంతకం పెట్టి, మూడో మనిషి ముద్ర గుద్దితేనే పోతుంది. అంతవరకూ ఆ ఉద్యోగం ఉన్నట్టే, చేసే మనిషి ఉన్నా లేకపోయినా. (మనిషి ఉండి కూడా ఎవరూ చెయ్యని ఉద్యోగాలు బోలెడున్నాయి గాని, వాటి సంగతి ఇక్కడ అప్రస్తుతం.) పరిపాలన మొత్తాన్నీ మోస్తున్న ఈ మహత్తర సూత్రం బొమ్మలు వేసుకుని బతికే ఒకావిడకు తెలియదు. తెలిసుంటే తన అమ్మమ్మ మీద పుస్తకం వేసే జోలికే పోయేది కాదు.

ఆవిడ పిల్లల పత్రికలకు బొమ్మలు వేస్తుంది. ఆవిడ అమ్మమ్మకు ఎనభై ఎనిమిదేళ్లు. గడియారమంటే రోజుకు పది నిమిషాలు అటో ఇటో పోయే వస్తువుగా ఉన్న రోజుల్లో ఆ అమ్మమ్మ ఊరందరికీ టైము మోసేది. పొద్దున్నే కొండ మీద నక్షత్రాలను చూసే వేధశాలకు వెళ్లి, అక్కడి పెద్ద గడియారంతో తన జేబు గడియారాన్ని సెకనుతో సహా సరిచేసుకుని, మెత్తని గుడ్డలో చుట్టి, కుదుపు తగలకుండా ఒకే నడకతో కొండ దిగేది. ఆసుపత్రి, అచ్చాఫీసు, నూలుమిల్లు, రెండు బడులు, మొత్తం ముప్పై ఏడు గుమ్మాలు. ప్రతి గుమ్మంలోనూ వాళ్లు ఆవిడ గడియారం చూసి తమ గోడ గడియారం ముల్లు తిప్పుకునేవాళ్లు. తర్వాత ఆవిడ పుస్తకంలో 'ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు సమయం ముట్టినది' అని సంతకం చేసేవాళ్లు. పురపాలక కార్యాలయం కాగితాల్లో ఆవిడ హోదా సంచార సమయ సూచకురాలు. జనం నోట్లో గడియారమ్మ. ముప్పై రెండేళ్లు చేసింది.

బొమ్మలావిడ కూతురు మూడో తరగతి. 'మా ఇంట్లోవాళ్ల వృత్తులు' అనే వ్యాసంలో ఈ సంగతంతా పూసగుచ్చినట్టు రాస్తే, టీచరు కింద ఎర్ర సిరాతో 'అబద్ధాలు రాయకూడదు' అని రాసి పంపింది. ఆ నోటుపుస్తకం గడియారమ్మ కంటపడింది. ఆవిడ ఆ రోజు నుంచి కొండ సంగతీ మిల్లు సంగతీ ఎత్తడం మానేసింది. ఎవరైనా అడిగినా, "ఎందుకులే, కోతలు కోస్తున్నాననుకుంటారు" అని గోడవైపు తిరిగి పడుకునేది. అది చూసి మనవరాలు, అంటే బొమ్మలావిడ, కుంచె పట్టుకుంది. ఆర్నెల్లు కూర్చుని ఇరవై నాలుగు పేజీల బొమ్మల పుస్తకం తయారుచేసింది. ఆ పుస్తకం బడి లైబ్రరీలో, నిజంగా జరిగిన సంగతుల బీరువాలో ఉంటే చాలు, అమ్మమ్మ మాటకు మళ్లీ విలువొస్తుందని ఆవిడ ఆశ. అందుకు బాల గ్రంథ యోగ్యతా నిర్ణయ కార్యాలయం ఒప్పుకోవాలి.

కార్యాలయం పుస్తకాన్ని చాలా శ్రద్ధగా చదివింది. నాలుగో పేజీలో కుక్క మెడకు పట్టీ లేదు. ఆరో పేజీలో కథానాయిక గడియారం చూస్తూ రోడ్డు దాటుతోంది, పిల్లలు చూసి నేర్చుకునే ప్రమాదముంది. తొమ్మిదో పేజీలో సూర్యుడు నవ్వుచున్నాడు, ఆధారం జతచేయవలెను. బొమ్మలావిడ కుక్కకు పట్టీ కట్టింది, అమ్మమ్మను రోడ్డు పక్కకు జరిపింది, సూర్యుడి నవ్వు చెరిపేసింది. (గంభీరంగా ఉన్న సూర్యుడికి ఆధారం ఎవరూ అడగలేదు.) ఇంక అయిపోయిందనుకుని వెళితే, పూర్వ వృత్తుల విభాగం గుమాస్తా కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ కార్యాలయంలో కూర్చోమన్నారంటే పని కాలేదని అర్థం.

"పుస్తకాన్ని గతకాలపు వృత్తుల కింద పెట్టారమ్మా. మరి ఆ ఉద్యోగం రద్దయినట్టు ఉత్తర్వేదీ?"

ఇప్పుడెవరూ ఆ పని చెయ్యడం లేదు కదండీ అంది ఆవిడ. చెయ్యకపోవడం వేరు, లేకపోవడం వేరు అన్నాడు గుమాస్తా. అందుకు ఉదాహరణగా పక్క బల్లవైపు చెయ్యి చూపించబోయి, సర్దుకున్నాడు. పాత పురపాలక కార్యాలయాన్ని ఎప్పుడో ఈ కార్యాలయంలోనే కలిపేశారు కాబట్టి ఆ రికార్డులు కింది గదిలోనే ఉన్నాయి. మూడు వారాలు వెతికించారు. నియామకపు ఉత్తర్వు దొరికింది, రద్దు ఉత్తర్వు దొరకలేదు. మీ అమ్మమ్మగారు మరి ఎలా మానేశారని అడిగాడు. ఒకరోజు వేధశాల గేటు దగ్గర కాపలా మనిషి రేపట్నుంచి రానక్కర్లేదన్నాడట, ఆవిడ రాలేదట. కాపలా మనిషికి ఆ అధికారం లేదు. కాబట్టి గడియారమ్మ ముప్పై ఏడేళ్లుగా అనుమతి లేకుండా విధులకు గైర్హాజరవుతున్న ఉద్యోగి అని తేలింది. (పదవీ విరమణ వయసు మాటేమిటని బొమ్మలావిడ అడిగింది. విరమణ ఉత్తర్వు కూడా లేనందున ఫైలులో ఆవిడ వయసు ఇంకా పందొమ్మిదే.)

ఇప్పుడు నడుస్తున్న వృత్తుల కిందైతే పుస్తకానికి అనుమతి ఇవ్వవచ్చు, అయితే పైనుంచి వచ్చే తనిఖీ నాటికి సదరు ఉద్యోగి విధుల్లో ఉండాలి. వారంలోగా హాజరు కావలెనని గడియారమ్మకు తాఖీదు వచ్చింది.

మనవరాలు తలపట్టుకుంది. అమ్మమ్మ మాత్రం ఆ తాఖీదును రెండుసార్లు చదివించుకుంది, మొహం చేటంత చేసుకుంది. మర్నాడు అందరికంటే ముందు లేచి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పెట్టెలోంచి గడియారం తీసి కీ ఇచ్చింది. మనవరాలు బండిలో కొండ మీదికి తీసుకెళ్లింది. అక్కడి కుర్ర శాస్త్రవేత్త ఆవిడ ఎవరో విని, లేచి నిలబడి, ముల్లు సరిచేసుకునేదాకా పక్కనే ఉన్నాడు. ముప్పై ఏడు గుమ్మాల్లో ఇప్పుడు ఒక్కటీ లేదు కాబట్టి, కార్యాలయంలోని ముప్పై ఏడు బల్లలను ఆవిడకు కేటాయించారు.

గడియారమ్మ బల్ల బల్లకూ వెళ్లి నిలబడేది. మనిషి వచ్చేదాకా నిలబడి, వచ్చాక గడియారం చూపించి, పుస్తకం చాపేది. అందరికీ సరదాగానే ఉంది. ఫొటోలు దిగారు. 'పదకొండు ఇరవైకి సమయం ముట్టినది' అని ఒకరు, 'పదకొండు నలభై ఐదుకు' అని ఇంకొకరు, 'పన్నెండుంబావుకు' అని విభాగాధిపతి, అందమైన చేతిరాతతో సంతకాలు చేశారు. ఇంటికి వెళ్లాక ఆవిడ కొండ గురించీ, మిల్లు సైరను గురించీ మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్లను కూడా పిలిచి మరీ చెప్పింది. ఆ నాలుగు రోజులూ మనవరాలికి ప్రాణం లేచొచ్చింది.

ఐదో రోజు తనిఖీ అధికారి వచ్చాడు. బల్ల మీద హాజరు పట్టీ ఒకటి, గడియారమ్మ పుస్తకం ఒకటి. హాజరు పట్టీలో ముప్పై ఏడుగురూ సరిగ్గా పది గంటలకు వచ్చారు. గడియారమ్మ పుస్తకంలో అదే చేతిరాతతో అదే ముప్పై ఏడుగురు ఇంకెప్పుడో వచ్చారు. రెండు చోట్లా సంతకాలు అసలైనవే. ఈ రెండింటిలో ఏది నిజమో తెలుపవలెనని ఆయన ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయాడు.

కార్యాలయం కంగారుపడలేదు. ముందుగా, మీ గడియారంలో దోషమున్నట్లు అనుమానంగా ఉంది, సంజాయిషీ ఇవ్వండని వేధశాలకు లేఖ వెళ్లింది. సదరు వారంలో భూమి యథావిధిగానే తిరిగిందని జవాబు వచ్చింది. తర్వాత విభాగాధిపతి స్వయంగా వచ్చి, గడియారమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, రేపట్నుంచి ముల్లు ఒక రెండుంబావు గంటలు వెనక్కి పెట్టుకోగలరా అని అతి వినయంగా అడిగాడు.

"నేను టైము తెచ్చేదాన్ని నాయనా," అంది ఆవిడ. "చేసేదాన్ని కాదు."

ఆ మధ్యాహ్నమే రద్దు ఫైలు పుట్టింది. ఆ కార్యాలయ చరిత్రలో ఒక ఫైలు ఒక్కరోజులో పద్నాలుగు బల్లలు దాటడం అదే మొదలు. విభాగాధిపతే చంకలో పెట్టుకుని తిప్పాడు. అయితే న్యాయ సలహాదారు ఒక చిక్కు పట్టుకున్నాడు. ఉద్యోగం ఇవాళ్టి నుంచి రద్దయితే ఆ నాలుగు రోజుల సంతకాలు చెల్లుతాయి. ఆ నాలుగు రోజుల ముందు నుంచి రద్దు చేస్తే ఎందుకని తనిఖీ అధికారి అడుగుతాడు. ఎవరూ ఏమీ అడగకుండా ఉండాలంటే ఒకటే దారి. ఆ ఉద్యోగం పుట్టిన రోజు నుంచే రద్దు. అప్పుడిక ఆ పుస్తకమూ లేదు, అందులోని సంతకాలూ లేవు, అందరూ పది గంటలకే వచ్చారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఆలోచించి చూస్తే ఎవరికీ ఏ నష్టమూ లేదు.

మాట ప్రకారం రద్దు ఉత్తర్వుతోపాటు బొమ్మల పుస్తకానికీ అదే కవరులో అనుమతి పంపారు. అలాంటి ఉద్యోగం ఏనాడూ లేదని ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా రుజువైనందున, పుస్తకాన్ని ఊహాజనిత కథల బీరువాలో ఉంచవలెను. ఎగిరే ఏనుగు పక్కన స్థలం కేటాయించారు. రచయిత్రి ఊహాశక్తిని కార్యాలయం అభినందించింది. నవ్వే సూర్యుణ్ని తిరిగి వేసుకోవచ్చునని కూడా రాశారు.

బొమ్మలావిడకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఆ కాగితం చదవకుండా దాచేద్దామనుకుంది గాని, అమ్మమ్మ అప్పటికే మంచం మీద లేచి కూర్చుని చెయ్యి చాపింది. చదవక తప్పలేదు. ఆవిడ చివరిదాకా విని, నెమ్మదిగా అడిగింది.

"మరి ఆ ముప్పై రెండేళ్లూ నేనెక్కడున్నానో అందులో ఏమైనా రాశారా అమ్మా?"

మనవరాలు కాగితం తిప్పి చూసింది. అందుకు వేరే దరఖాస్తు పెట్టుకోవాలని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.