మండలాధ్యక్షుల కొలబద్ద

"సైన్యాధికారుల ఎంపిక పరీక్షలు ఉత్తరాంధ్ర పిల్లలకి అన్యాయం చేస్తున్నాయి. అందుచేత మన పరీక్ష మనమే తయారు చేసుకుంటాం!" అని మంత్రి అప్పలసూరిగారు చీపురుపల్లి సభలో ప్రకటించారు. అందులో ఫస్టొచ్చినవారికి ఢిల్లీలో ఉచిత కోచింగ్. కోటబొమ్మాళి వరి రైతు కూతురు నీలవేణి చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది. ఆర్మీ ఆఫీసరు కావాలని ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ ఒకటే పిచ్చి. ఢిల్లీ కోచింగంటే నాన్న వల్లయ్యే పని కాదు.

పరీక్షన్నాక శాస్త్రీయంగా ఉండాలి కదా! నిపుణుడు విజయ్‌కుమార్‌ని పిలిపించారు. "నాయకులుగా నిరూపించుకున్నవాళ్లకి ముందు పెట్టి చూడాలండి. వాళ్ల జవాబులే కొలబద్ద" అన్నాడాయన. మంత్రిగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. పార్టీ మండలాధ్యక్షులందర్నీ కూర్చోబెట్టి, బిర్యానీ పెట్టించి, పరీక్ష రాయించారు.

తర్వాత అదే పేపరు పిల్లలకిచ్చారు. "నీ దళం వాగు మధ్య చిక్కుకుంది. ఏం చేస్తావు?" అన్నది మొదటి ప్రశ్న. నడుముకి తాడు కట్టుకుని, ముందు తనే దిగి లోతు చూస్తానని రాసింది నీలవేణి. సున్నా వేశారు. మిగతావాటికీ అంతే. ఏడుపూ కోపమూ కలిసొచ్చి, తిన్నగా విజయ్‌కుమార్ దగ్గరికెళ్లింది.

"తప్పేటి రాసినాను సార్?"

"మండలాధ్యక్షుల్లో ఒక్కరూ వాగులో దిగలేదమ్మా."

"మరేటి సేసినారు?"

"ఆ వాగు గత ప్రభుత్వం వదిలిపెట్టి పోయిందని రాశారు."

"ఇదేటి నాయం సార్?"

"కులం చూడలేదు, మతం చూడలేదు. అందర్నీ సమానంగా ఫెయిల్ చేశాం. ఇంకేం న్యాయం కావాలి?"

ఒక్కరూ పాసవలేదు గనక పరీక్ష మళ్లీ పెట్టారు. ఈలోగా నీలవేణి జరిగిన పార్టీ మీటింగల్లా వదలకుండా విని వచ్చింది. శత్రువు ఎదురుపడితే? శాలువా కప్పుతాను. మందుగుండు అయిపోతే? కేంద్రానికి లేఖ రాస్తాను. యుద్ధంలో ఓడిపోతే? నైతిక విజయం మనదే.

నూటికి నూరు!

పేపరు చదివిన మంత్రిగారికి కళ్లు చెమర్చాయి. "ఓలమ్మో! ఇంత యోగ్యత ఉన్న పిల్లని ఆర్మీకి పంపి పాడు సేసుకుంటామేటి? పార్టీ మహిళా విభాగానికి అద్దెచ్చురాల్ని సేసీండి!" అంటూ స్వహస్తాలతో దండ వేశారు.

నీలవేణి ఆ దండ తీసేసింది. "నాకు పార్టీ వొద్దు బాబూ. ఢిల్లీ పంపుతానన్నారు కదా?"

"ఆ సీటు మా మేనల్లుడు గోపికిచ్చేసినామమ్మా."

"ఆడికి రెండు మాట్లూ సున్నాలే కదా బాబూ!"

"అందుకే కదమ్మా" అన్నారు మంత్రిగారు ఎంతో బాధగా. "ఆడు రాజకీయాలకి పనికిరాడు. సైన్యానికైనా ఎల్లనీ."