ప్రతిపక్షం గారి బొటనవేలు

ఆ రోజు దర్జీ గారు పెట్టుకున్న పని ఒక్కటే: బ్యాంకు మేనేజరు కోటుకు చేతులు అతికించడం. గంటలో తెమిలే పని. కానీ ఆయన కత్తెర పట్టారంటే గుడ్డతో పాటు ప్రభుత్వాన్ని కూడా కత్తిరించాలి, అదీ చిక్కు. పన్నుల దగ్గర ఎత్తుకుంటే విదేశాంగ విధానం దాకా ఊపిరి తీసుకునేవారు కాదు. పొద్దున్నే పేపరు చదివి ఆయన మంత్రులను ఉతుకుతుంటే వినడానికి పక్క కొట్టు మంగలి మొదలు పదిమందీ చేరేవారు. వీధి వీధంతా ఆయన్ని ప్రతిపక్షం గారనే పిలిచేది. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఎవరైనా పిలిస్తే పలికేవారు కూడా కాదు.

ఉన్న లోటల్లా ఒక్కటే. ఇన్నేళ్ళుగా గొంతు చించుకుంటున్నా, నీ అభిప్రాయం ఏమిటయ్యా అని ప్రభుత్వం ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

కోటుకు ఒక చెయ్యి కుట్టి రెండోది అందుకునేసరికి ఫోను మోగింది. "నమస్కారం. ప్రభుత్వం తరఫున మాట్లాడుతున్నాం. మా పాలన మీద మీ అభిప్రాయం కావాలి" అంది రికార్డు చేసిన ఆడగొంతు.

ప్రతిపక్షం గారు పెదాల మధ్య బిగించిన గుండుసూదులు చేతిలోకి ఊసి, "ఏమేవ్! అడుగుతున్నారే! నన్నే అడుగుతున్నారు!" అని కేక పెట్టారు.

భార్య కొట్టు వెనకే ఉన్న వంటింట్లోంచి తొంగిచూసింది. "ఎవరండీ, మేనేజరు గారా?"

"కాదే, ప్రభుత్వం!"

"అయితే ఇప్పట్లో తెమలదు. పొయ్యి మీద పాలు నేనే చూసుకుంటాలెండి."

"పన్నుల విధానంతో మీరు తృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి. లేకపోతే రెండు నొక్కండి" అంది ఫోను.

ఆయన రెండు నొక్కారు. ఉలుకూ పలుకూ లేదు. ఫోను తెర మీద నట్టనడుమ నిలువునా ఓ చీలిక. ఆ వరసలో ఉన్న అంకెలేవీ పనిచెయ్యడం లేదు. చొక్కాకేసి తుడిచి, ఉఫ్ అని ఊది, పళ్ళు బిగించి బొటనవేలు అదిమేసరికి, అది కాస్తా జారి పక్కనున్న ఒకటి మీద పడింది.

"ధన్యవాదాలు. మీరు తృప్తిగా ఉన్నారని నమోదు చేసుకున్నాం. జవాబు మార్చుకోవాలంటే రెండు నొక్కండి."

"ఓసి నీ దుంప తెగ! ఆ రెండే కదే నొక్కితే పడనిది!"

ఫోను పెట్టేయొచ్చు కదా అంటారా? ఎలా పెట్టేస్తారు, పాపం! పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడిగారాయె. పన్నులు పోతే పోయాయి, రోడ్ల ప్రశ్నకైనా కసి తీర్చుకుందామని చూశారు. రోడ్లకూ జారింది. చదువులకు జారింది, వైద్యానికి జారింది, దేశ రక్షణకూ జారింది. చివరికి ఆ గొంతు, "మీలాంటి పౌరులే దేశానికి బలం" అని మెచ్చుకుని మరీ పెట్టేసింది.

మధ్యాహ్నానికి ఓ జీపు వచ్చి కొట్టు ముందు ఆగింది. ఆగడమంటే, ముందు చక్రం గుంతలో దిగబడి ఆగింది. ప్రతిపక్షం గారి ఉపన్యాసాలన్నింటికీ ఆయువుపట్టు ఆ గుంతే. అందులోంచి ఎలాగో బయటపడి ఓ అధికారి, వెనకే ఓ ఫొటోగ్రాఫరు కొట్లోకి వచ్చారు.

"ఊరు మొత్తానికి అన్నిటికీ తృప్తి అన్నది మీరొక్కరేనండీ! మేమే నమ్మలేక మళ్ళీ సరిచూసుకున్నాం" అన్నాడు అధికారి.

"అయ్యా, నేను తృప్తిగా లేను! ఒక్కదాంట్లో కూడా లేను!"

"చూశావా ఆ వినయం! తియ్యవయ్యా ఫొటో."

ప్రతిపక్షం గారు పళ్ళు పటపటలాడించారు. ఫొటోలో అది చక్కటి నవ్వులా పడింది. సాయంత్రానికల్లా వీధి మొగలో ఆ నవ్వు నిలువెత్తు బోర్డెక్కింది. కింద పెద్ద అక్షరాలు: "నేను తృప్తిగా ఉన్నాను. మరి మీరు?"

మంగలి చెవి మీద దువ్వెనతో పరిగెత్తుకొచ్చాడు. "ఏమండోయ్, పార్టీ ఎప్పుడు మార్చారు? చెబితే మేమూ వచ్చేవాళ్ళం కదా!"

"వేలు జారిందిరా బాబూ!"

"పార్టీ మారిన ప్రతివాడూ ఏదో ఒకటి జారిందనే అంటాడండీ."

మర్నాడు పేపరు వినడానికి పురుగు కూడా రాలేదు. వచ్చినవాళ్ళంతా సిఫార్సులకే వచ్చారు. ఒకాయనకు బదిలీ కావాలి, ఒకావిడకు కుళాయి కావాలి. "మీ మాట పైన చెల్లుతుందటగా" అని మంగలి కూడా గొంతు తగ్గించి తన మురుగుకాలువ సంగతి చెప్పుకున్నాడు. ప్రతిపక్షం గారికి ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆ తర్వాత రోజు రోడ్డు రోలరు వచ్చింది. "తృప్తి చెందిన పౌరుడి గుమ్మం ముందు గుంతేమిటండీ, అసహ్యంగా!" అని అధికారి దగ్గరుండి పూడ్పించాడు. పోతూ పోతూ ప్రభుత్వ బహుమతి అంటూ ఓ కొత్త ఫోను చేతిలో పెట్టి వెళ్ళాడు.

"నా గుంత పూడ్చేశారే! ఇంకేం మిగిలిందే నాకు! పాడు ఫోను ఎంత పని చేసింది!" అని ప్రతిపక్షం గారు కూలబడ్డారు.

"ఫోనునెందుకు ఆడిపోసుకుంటారు?" అంది భార్య. "దేశమంతా సుఖంగా ఉందని మొన్న టీవీలో మంత్రి గారంటే, మీరు విసిరి కొట్టింది ఏమిటనుకున్నారు? కాలి చెప్పు అనుకున్నారా? ఆ ఫోనే!"

ఆయన నోరు తెరిచేలోగా కొత్త ఫోను మోగింది. అదే గొంతు, అవే ప్రశ్నలు. "రండర్రోయ్! రండి!" అన్న ఆయన కేకకు మంగలి సబ్బు నురగ చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు, వెనకే వీధిలో జనం. అందరూ చూస్తుండగా ఆయన రెండు నొక్కారు. "మీరు అసంతృప్తిగా ఉన్నారని నమోదు చేసుకున్నాం" అంది గొంతు.

"మన ప్రతిపక్షం మనకు దక్కిందిరోయ్!" అని మంగలి గంతేశాడు.

అన్నిటికీ రెండే. రోడ్ల ప్రశ్నకు మాత్రం వాకిట్లో నున్నగా మెరుస్తున్న తారు వంక ఒకసారి చూసి, తల తిప్పుకుని రెండు నొక్కారు. జనం ఈలలు వేసుకుంటూ వెళ్ళిపోయారు.

"చివరి ప్రశ్న" అంది ఫోను. "మీ అసంతృప్తిని మేము నమోదు చేసుకున్న తీరుతో తృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి."

ప్రతిపక్షం గారు వీధిలోకి అటూ ఇటూ చూసి, మెల్లిగా ఒకటి నొక్కారు.

ఈసారి వేలు జారలేదు.